చుక్కకూ చప్పుడుకూ మధ్య

మా చిన్నాయన సైన్యంలో పన్నెండేళ్లు పనిచేశాడు. ఆయన మా నాయనకు ఒక్కడే తమ్ముడు. డెబ్బై ఒకటి యుద్ధం జరిగినప్పుడు రాజస్థాన్ ఎడారిలో ఉన్నాడని తెలుసు గానీ, అక్కడ ఆయన చేసిన పని ఏమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. తుపాకీ కాల్చి ఉంటాడని అవ్వ అనుకునేది. ఆయన రాసే జాబులు అవ్వకు నేనే చదివి వినిపించేదాన్ని. నాకప్పుడు పదేళ్లు. ఇక్కడ నేను క్షేమం, మీరందరూ క్షేమమని తలుస్తాను, ఆవు ఈనిందా, బావిలో నీళ్లు ఎన్ని మట్ల లోతున్నాయి, అంతే ఉండేది. యుద్ధం మాట ఒక్కటీ ఉండేది కాదు. యుద్ధం ముగిశాక వచ్చిన జాబులో ఆవు లేదు, బావీ లేదు. క్షేమం అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాడు. అవ్వ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి, ఇంకేమైనా రాసి ఉందేమో మళ్లీ చూడమంది.

సైన్యం నుంచి వచ్చాక చిత్తూరులో ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగం దొరికింది. ఖాకీ బట్టలు, రెండు గొట్టాల తుపాకీ, తలుపు పక్కన ఒక స్టూలు. ఆ స్టూలు మీద ఆయన కూర్చోగా నేను చూడలేదు. పెళ్లి చేసుకున్నాడు. ఎవరితోనూ తగవు పడేవాడు కాదు. ఒక్క అలవాటు మాత్రం చిత్రంగా ఉండేది. పొద్దున లేస్తూనే మిద్దె ఎక్కి, ముందు దూరంగా ఉన్న కొండను కాసేపు చూసి, ఆ తర్వాత తలెత్తి ఆకాశాన్ని ఎడమ నుంచి కుడికి, ముక్క తర్వాత ముక్కగా చూసేవాడు. ఇరుగుపొరుగు వాళ్లు అదేదో పూజ అనుకున్నారు. మా చిన్నమ్మ మాత్రం నాతో వాపోయేది.

"ఏం సూస్తా ఉండావని అడిగితే ఏమీ లేదంటాడు పాపా. ఏమీ లేనిదాన్ని దినామూ అరగంట సూడాల్నా?"

నేను లెక్కల్లో డిగ్రీ చేసి, మద్రాసులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి, ఎనభైల చివర్లో తిరుపతిలో ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. బస్టాండుకు దగ్గర్లో, లాడ్జీల మధ్య ఒక మేడ పైఅంతస్తులో ఉండేది. నాలుగు కంప్యూటర్లు. మూడింటికి పచ్చ అక్షరాల తెరలు, ఒక్కదానికి రంగుల తెర. లోపలికి వచ్చేవాళ్లందరూ చెప్పులు బయటే విడవాలి. ఆ గదిలో ఏసీ ఉండేది కాబట్టి ఎండాకాలంలో పాఠం అయిపోయినా ఎవరూ లేచేవాళ్లు కాదు.

మా దగ్గర నేర్చుకునేవాళ్లలో డిగ్రీ ఆఖరి సంవత్సరం కుర్రవాడు ఒకడు యుద్ధ విమానం నడపాలనే పట్టుదలతో ఉండేవాడు. దానికి పరీక్ష రాసి ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నాడు. మద్రాసులో ఎవరి దగ్గరో అడిగి ఒక ఫ్లాపీ తెచ్చాడు. అందులో యుద్ధ విమానం ఆట ఉంది. తెర కింది సగంలో ముళ్లూ అంకెలూ, పై సగంలో విమానం కిటికీలోంచి కనిపించినట్టు ఆకాశం, నేల. దూరంగా ఒక నల్ల చుక్క పుట్టి, పెరిగి, గీతలతో గీసిన విమానం అవుతుంది. దాన్ని కూల్చాలి. శనివారం సాయంత్రాలు తరగతులయ్యాక ఒక గంట ఆడుకోవడానికి యజమాని ఒప్పుకున్నాడు. తాళం వేసే బాధ్యత నాది కాబట్టి నేనూ ఉండేదాన్ని.

ఒక శనివారం చిన్నాయన వచ్చాడు. బ్యాంకు వాళ్లు కంటి పరీక్ష చేయించుకోమన్నారు. తిరుపతిలో చూపించుకుని, ఆ రోజు కొత్త అద్దాలు తీసుకుని, బస్సుకు ఇంకా సమయం ఉందని నా దగ్గరికి వచ్చాడు. ముక్కు మీద ఇంకా అలవాటు పడని అద్దాలతో, చెప్పులు గుమ్మం బయట జత చేసి పెట్టి, లోపలికి వచ్చి నిలబడ్డాడు. కుర్రవాడు ఆడుతున్నాడు. ఆకాశంలో చుక్క కనిపించింది. వాడు దాన్ని గమనించకముందే చిన్నాయన చెయ్యి లేచింది.

"పైన. కుడిపక్క."

కుర్రవాడు వెనక్కి తిరిగి చూశాడు. ఈయన మా చిన్నాయన, సైన్యంలో ఉండి వచ్చాడని చెప్పాను. వాడు గబుక్కున లేచి నిలబడి, యుద్ధంలో శత్రు విమానాలను చూశారా అని అడిగాడు.

"సూడ్డమే నా పని అప్పా," అన్నాడు చిన్నాయన.

పదిహేడేళ్లలో ఆ మాట మా ఇంట్లో ఎవరం వినలేదు. నేను కుర్చీ ముందుకు జరిపాను. ఆయన కూర్చోలేదు. కుర్రవాడు అడిగినదానికల్లా నిలబడే జవాబు చెప్పాడు. సరిహద్దు దగ్గర ఇసుక దిబ్బ మీద ముగ్గురిని ఉంచేవారట. ఒకరు నిద్రపోతే ఇద్దరు మేలుకుని ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆకాశాన్ని చూడాలి, ఇంకొకరు వైర్‌లెస్ దగ్గర కూర్చోవాలి. విమానం కనబడితే ఏ దిక్కున, ఎన్ని, ఎంత ఎత్తులో అన్నది వెనక్కి చెప్పాలి. కింద కింద ఎగిరి వచ్చే విమానాలు పెద్ద పెద్ద యంత్రాలకు అందవు. వాటిని మనిషి కన్నే పట్టాలి.

ఈ ఆటలో ఉన్నట్టే ఉంటుందా అని కుర్రవాడు అడిగాడు. చిన్నాయన వేలితో తెరను చూపించాడు.

"దీంట్లో వాడు వస్తాడని నీకు తెలుసు. కూర్చున్న ప్రతిసారీ వస్తానే ఉండాడు. మాకు రెండు నెలలు ఎవురూ రాలేదు. కనబడేదంతా పచ్చులే, గద్దలే."

ఆ తర్వాత ఆయన చెప్పినవి నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నాయి. ఏమీ లేని ఆకాశాన్ని చూస్తూ ఉంటే చూపు మనకు తెలియకుండానే దగ్గరికి వచ్చి ఆగిపోతుందట. కళ్లు తెరిచే ఉంటాయి గానీ బారెడు దూరంలోని గాలిని చూస్తుంటాయి. అందుకని ముందు దూరంగా ఉన్న తుమ్మచెట్టునో, తంతి స్తంభాన్నో చూసి, చూపును అక్కడిదాకా పంపి, అప్పుడు పైకెత్తాలి. పక్కకు కదిలే చుక్క వల్ల భయం లేదు. కదలకుండా ఒకే చోట ఉండి పెరిగేది మన మీదికి వచ్చేది. చప్పుడు కోసం ఎదురుచూడకూడదు. అది విమానం వెనకాల వస్తుంది. మిద్దె మీద ఆయన ముందు కొండను ఎందుకు చూసేవాడో నాకు అప్పుడు అర్థమైంది.

కుర్రవాడు ఇంటికి పొద్దుపోతోందని వెళ్లిపోయాడు. ఫ్లాపీ మాత్రం అందులోనే ఉంది. నేను కంప్యూటర్ ఆపబోతుంటే చిన్నాయన ఆగమన్నాడు.

"పాపా, దీంట్లో నేల మీదనే నిలబడి సూడొచ్చునా?"

చూడొచ్చన్నాను. విమానాన్ని పైకి లేపకుండా రన్‌వే మీదే ఉంచితే శత్రు విమానం దానంతటది వచ్చి పైనుంచి పోతుంది. ఎందుకని అడిగాను. అప్పుడు కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చెప్పాడు.

యుద్ధం మొదలైన రెండో రోజో మూడో రోజో ఎత్తున తిరుగుతున్న గద్దల గుంపును చూసి విమానాలని చెప్పాడట. వెనకాల ఉన్న రైల్వే స్టేషనులో సైరను మోగింది, బండ్లు ఆగాయి, అందరూ గుంతల్లోకి దూకారు. ఏమీ రాలేదు. వైర్‌లెస్‌లో అధికారి బాగా తిట్టాడు. అప్పటి నుంచి చిన్నాయన తనకు తానే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చుక్క కనబడితే ఇరవై లెక్కపెట్టాలి. గద్ద అయితే ఆ లోపల పక్కకు తిరుగుతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ కళ్లలో పడుతుండగా చుక్క కనబడింది. లెక్క మొదలుపెట్టాడు. లెక్క ఎక్కడిదాకా పోయిందో ఆయనకు తెలియదు. నెత్తి మీదుగా రెండు విమానాలు పోయాయి. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. వైర్‌లెస్‌లో చెప్పారు గానీ, అప్పటికే వెనకాల స్టేషను దగ్గర పొగ లేచింది. అక్కడ నీళ్ల ట్యాంకర్లు నింపే చోట బాంబులు పడ్డాయి. ఎంతమంది పోయారో వీళ్లకు ఎవరూ చెప్పలేదు. కానీ రోజూ పొద్దున ఒంటె మీద వీళ్లకు నీళ్లు తెచ్చే ముసలాయన ఆ మర్నాడు రాలేదు. ఆయన నీళ్లు నింపుకునేది అక్కడే.

"నేను ఇరవైకే సెప్పినానో, యాభై దాకా అట్లే నిలబడిపోయినానో నాకే తెలీదు పాపా. అది ఒగటి తెలిస్తే చాలు."

ఆట మళ్లీ మొదలుపెట్టి, విమానాన్ని రన్‌వే మీదే ఉంచాను. ఆయన అద్దాలు సరిచేసుకుని తెరకు ఎదురుగా వంగాడు. చుక్క కనబడగానే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పన్నెండు అనేసరికి విమానం పైనుంచి దాటిపోయింది. మళ్లీ పెట్టమన్నాడు. పదమూడు. మూడోసారి పన్నెండే. ఇరవై లెక్కపెట్టే వ్యవధే లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, జేబులోంచి రుమాలు తీసి ముఖమంతా తుడుచుకున్నాడు.

"అట్లయితే ఆడ నిలబడిపోయేదానికి టైమే లేదు," అన్నాడు. "నేను ఎంత గబాన సెప్పినా అందేది గాదు."

మెట్లు దిగేటప్పుడు నాకంటే వేగంగా దిగాడు. బస్టాండులో నాకు జామకాయలు కొనిచ్చి బస్సెక్కాడు.

తిరిగి వచ్చి కంప్యూటర్లు ఆపుతున్నప్పుడు చూశాను. రంగుల తెర ఉన్న కంప్యూటర్ పెట్టె ముందు టర్బో అని ఒక మీట ఉండేది. అది నొక్కితే కంప్యూటర్ రెండింతలకు పైగా వేగంగా నడిచేది. పెద్ద లెక్కలు చేసేటప్పుడు మేలే గానీ ఆటలో మాత్రం కాలమే మారిపోయేది. విమానాలు తరుముకొచ్చినట్టు వచ్చేవి. మధ్యాహ్నం క్లాసులో నేనే దాన్ని నొక్కాను. దాని పక్కనున్న చిన్న దీపం ఇంకా వెలుగుతోంది.

అసలు ఆ ఆటలోని కాలానికీ ఆ ఎడారిలోని కాలానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. ఎవరో ఎక్కడో కూర్చుని ఇష్టం వచ్చిన వేగం పెట్టి ఉంటారు. ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. జాబు రాద్దామని రెండుసార్లు ఇన్‌లాండ్ కవరు తీసుకుని కూర్చున్నాను. ఇంతలో చిన్నమ్మ ఏదో పని మీద తిరుపతికి వచ్చింది. ఆయన మిద్దె ఎక్కడం మానేశాడని చెప్పింది. రాత్రిళ్లు మధ్యలో లేవకుండా పడుకుంటున్నాడట. ఎదురింటాయనతో పలకరింపులు మొదలయ్యాయట. నువ్వేం చెప్పినావో గానీ బాగుపడినాడు తల్లీ అని నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత నేను కవరు తీయలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం చిన్నాయన మళ్లీ వచ్చాడు. ఆ రోజు చేతికి గడియారం పెట్టుకుని వచ్చాడు. నోటి లెక్క కాకుండా సెకండ్ల ముల్లుతో ఒకసారి చూసుకోవాలన్నాడు. కుర్రవాడు అప్పుడే ఆడి వెళ్లాడు. ఈ మధ్య వాడు టర్బో తీసేసి ఆడడం మొదలుపెట్టాడని నాకు తెలుసు. మీట వైపు చూశాను. దీపం వెలగడం లేదు. చెయ్యి చాపి నొక్కితే సరిపోయేది. ఆయన నా పక్కనే గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుంటున్నాడు. నేను నొక్కలేదు.

చుక్క కనబడింది. అది ఉన్నచోటే ఉంది. మెల్లగా పెరుగుతోంది. చిన్నాయన ఒకసారి గడియారాన్ని, ఒకసారి తెరను చూస్తున్నాడు. విమానం దాటిపోయేసరికి ముప్పై ఒక్క సెకండ్లు అయింది. ఆయన నా వైపు తిరిగాడు. నేను అంతా చెప్పేశాను. మీట సంగతి, ఆట కాలం నిజం కాలం కాదన్న సంగతి, రెండూ. ఇందులో పన్నెండు వచ్చినా ముప్పై వచ్చినా అది ఆయన నిలబడిన దిబ్బకు పనికిరాదని చెప్పాను.

"ఆ పొద్దు తెలిసి సేసినావా?" అని అడిగాడు.

"లేదు చిన్నాయనా. నువ్వు పోయినాక సాయంత్రం చూసినాను. చూసి గూడా చెప్పకుండా ఉండిపోయినాను."

ఆయన గడియారం తీసి మణికట్టుకు కట్టుకున్నాడు. కొక్కెం పెట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"నేను సేసిందీ అదే గదా పాపా," అన్నాడు. "సూసినాను. సెప్పేదానికి ఆగినాను."

కోపంతో అన్న మాట కాదది. నా మీద నింద వేయడానికీ కాదు. పక్కన కూర్చునే మనిషి ఒకరు దొరికినట్టు అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన నా తల మీద చెయ్యి వేసి, వచ్చే ఆదివారం సెలవు ఉంటే తనతో పలమనేరు దాకా రావాలన్నాడు. ఆ దిబ్బ మీద వైర్‌లెస్ దగ్గర కూర్చున్న మనిషిది పలమనేరట. ఇద్దరూ ఒకే రోజు సైన్యంలో చేరారట. చిత్తూరు నుంచి పలమనేరు ఒక బస్సు దూరం. అయినా ఇన్నేళ్లలో ఈయన ఆయన్ను చూడడానికి పోలేదు, ఆయన ఈయన్ను చూడడానికి రాలేదు.

ఆదివారం తెల్లవారుతూనే నేను తిరుపతిలో బస్సెక్కి, పూతలపట్టు మీదుగా చిత్తూరు చేరాను. చిన్నాయన బస్టాండులో ఇస్త్రీ బట్టలతో నిలబడి ఉన్నాడు. పలమనేరు ఘాట్ రోడ్డు ఎక్కేంతసేపూ ఆయన కిటికీలోంచి కొండలనే చూస్తూ కూర్చున్నాడు. దిగాక రెండు చోట్ల అడిగితే ఇల్లు చూపించారు. ముందు గదిలో టైలరు దుకాణం, వెనక కాపురం. కుట్టు మిషను ముందు కూర్చున్న మనిషి తల పూర్తిగా నెరిసిపోయింది. మెడలో టేపు వేలాడుతోంది. ఆయన తలెత్తి మమ్మల్ని చూసి, కాలు తీయకుండానే మిషను ఆపాడు.

"ఎన్నేండ్లకు వచ్చినావప్పా," అన్నాడు.

"నువ్వు గూడా రాలేదు గదా భాయ్," అన్నాడు చిన్నాయన.

ఆయన లేచి వచ్చి చిన్నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. లోపలికి కేకవేసి ఉర్దూలో ఏదో చెప్పాడు. ఆయన భార్య మాకు మంచినీళ్లు ఇచ్చి, భోజనం చేయకుండా కదలకూడదని తెలుగులో చెప్పింది. కుట్టాల్సిన గుడ్డలు పక్కకు జరిపి మాకు బెంచీ మీద చోటు చేశారు. కొంతసేపు ఇద్దరూ ఉద్యోగాల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు. అప్పుడు చిన్నాయన ఆ మధ్యాహ్నం మాట ఎత్తాడు. ఎట్లా అడగాలో బస్సులో అనుకుంటూ వచ్చాడేమో, తడబడకుండా అడిగాడు. నేను చుక్కను చూసినాక ఎంతసేపటికి నీకు చెప్పినాను భాయ్, నీకేమైనా జ్ఞాపకం ఉందా అని.

టైలరు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు సెప్పినావు గదా," అన్నాడు. "సూస్తానే సెప్పినావు. రెండు వస్తా ఉండాయి అన్నావు. నేనే వైర్‌లెస్ సెట్టు సేతిలో పెట్టుకోని ఆగినాను. నిన్న తిట్లు తిన్నాము, ఇంగోసారి బాగా సూడు అన్నాను. నా వల్లనే గదప్పా."

చిన్నాయన అది ఒప్పుకోలేదు. లేదు, నేను లెక్కపెడుతూ ఉన్నాను, వాళ్లు నెత్తి మీదికి వచ్చేదాకా నీకు ఏమీ చెప్పలేదు అన్నాడు. టైలరు తన మాట మీదే నిలబడ్డాడు. సెట్టు చేతిలో ఎంత బరువుగా ఉందో కూడా జ్ఞాపకం ఉందన్నాడు. పదిహేడేళ్లుగా ఎవరి తప్పును వాళ్లు దాచిపెట్టుకున్న ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో నుంచి ఇంకొకరు దాన్ని లాక్కోవాలని చూస్తున్నారు. గొంతులు పెరగలేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు తల అడ్డంగా ఊపుతున్నారు. వాళ్లిద్దరిలో ఎవరు చెప్పింది నిజమో నాకు తెలియదు. దిబ్బ మీద ఉన్న మూడో మనిషి అప్పుడు నిద్రలో ఉన్నాడు. ఆయన యుద్ధం తర్వాత కొన్నేళ్లకే పోయాడని టైలరు చెప్పాడు.

"ఆ నీళ్లాయన పేరేమి భాయ్?" అని చిన్నాయన అడిగాడు చివరికి.

ఇద్దరూ ఆలోచించారు. ఒంటె పేరు ఇద్దరికీ జ్ఞాపకం ఉంది. ఆ ముసలాయన దాన్ని ఏమని పిలిచేవాడో టైలరు అదే గొంతుతో అని చూపించాడు. ఆయన పేరు మాత్రం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఎప్పుడూ అడగలేదేమో అన్నాడు చిన్నాయన. అప్పుడు టైలరు కళ్లు తుడుచుకున్నాడు. చిన్నాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు.

భోజనాలయ్యాక ఇద్దరూ ముందు గదిలో చాప వేసుకుని పడుకున్నారు. నేను వెనక గదిలో ఆ ఇంటావిడతో కబుర్లు చెబుతూ ఉన్నాను. తన మొగుడు ఇంటికి వచ్చే జనాన్ని భోజనానికి ఉండమని అడగడం చాలా అరుదని ఆవిడ అంది. మూడు గంటలకు చూస్తే ఇద్దరికీ మంచి నిద్ర పట్టింది. సాయంత్రం బస్సు తప్పిపోతుందని నేనే లేపాల్సి వచ్చింది.

ఆ తర్వాత వాళ్లు నెలకో రెండు నెలలకో ఒకసారి కలుసుకునేవారు. ఒకసారి ఈయన ఘాట్ ఎక్కేవాడు, ఇంకోసారి ఆయన దిగేవాడు. ఎవరి వల్ల ఆలస్యమైందన్న మాట మాత్రం తేలలేదు. ఇద్దరూ పట్టు వదలలేదు. కుర్రవాడికి ఆ ఏడు విమానం నడిపే ఉద్యోగం రాలేదు. మరుసటి ఏడు నేను ఆ కేంద్రం మాని కాలేజీలో పనికి చేరాను. ఈ సంగతేదీ చిన్నమ్మకు చెప్పలేదే అని నాకు మనసులో ఉండేది. ఒకరోజు ఆవిడే మా ఇంటికి వచ్చి, ఆయన మొన్న అన్నం తింటూ మధ్యలో ఆపి, ఇసుక దిబ్బ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడని చెప్పింది. చెప్పి, నీళ్లు తాగి, మిగిలిన అన్నం తిన్నాడట.

"నీకు ముందే తెలుసంట గదా పాపా," అంది.

తెలుసన్నాను. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని ఆవిడ అడగలేదు.